శిల నుండి సేద్యం వరకు: సికింద్రాబాదు పరిసర జిల్లాల భూవిజ్ఞాన, భౌగోళిక స్వరూపం

ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుండి వాడి జంక్షనుకు 1874లో వేసిన రైలు మార్గం పడమటి దిశగా లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాదు, తాండూరుల మీదుగా సాగుతుంది. తాండూరు వరకు గల దూరం నూరు కిలోమీటర్లకు కొద్దిగా పైబడి ఉంటుంది. ఈ స్వల్ప దూరంలో మూడు భిన్న శిలా ప్రపంచాలు వరుసగా ఎదురవుతాయి. సికింద్రాబాదు పరిసరాలలో గ్రానైట్, శంకర్‌పల్లి దాటిన పిమ్మట క్రమంగా బసాల్ట్, దానిపై అక్కడక్కడ లాటరైట్, తాండూరు వద్ద సున్నపురాయి కానవస్తాయి. నేల రంగు, బావి లోతు, పైరు ఎంపిక, చెరువు కట్ట ఉన్న చోటు అన్నీ ఈ శిలల మార్పును అనుసరించే మారుతాయి.

జిల్లా మొత్తానికి ఒకే సలహా ఇవ్వడం విస్తరణ రంగంలో తరచు జరిగే పని. పరిపాలనా సౌలభ్యానికి అది అవసరమే కావచ్చు. అయితే జిల్లా సరిహద్దులను ప్రభుత్వ ఉత్తర్వులు నిర్ణయిస్తాయి, నేల సరిహద్దులను శిలలు నిర్ణయిస్తాయి. ఈ రెండూ ఏకీభవించవు. భూమి లోపలి నిర్మాణాన్ని తెలుసుకొని సాగు సలహాలకు, ముఖ్యంగా నీటి వినియోగ సలహాలకు, దానిని ప్రాతిపదికగా చేసుకొనే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంత పరిచయం

ఇక్కడ పరిశీలిస్తున్న ప్రాంతం పూర్వపు రంగారెడ్డి జిల్లా. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుండి గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి ఈ జిల్లాను ఏర్పరచారు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో ఇది రంగారెడ్డి, వికారాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలుగా విడిపోయింది. సికింద్రాబాదు, హైదరాబాదు నగరాలు ఈ ప్రాంతపు నడిమిభాగంలో ఉన్నాయి.

ఇది దక్కను పీఠభూమిలోని ఎగుడుదిగుడు మైదానం. నగర పరిసరాలు సముద్ర మట్టానికి సగటున 540 మీటర్ల ఎత్తున ఉన్నాయి. పడమట వికారాబాదు సమీపంలోని అనంతగిరి గుట్టలు ఈ ప్రాంతానికి జలవిభాజకం. అక్కడ పుట్టిన మూసీ నది తూర్పుగా ప్రవహించి, నగరం మధ్య నుండి సాగి, నల్లగొండ జిల్లాలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. పడమటి వాలు నీరు కాగ్నా నది ద్వారా భీమా నదికి, అక్కడి నుండి కృష్ణకే చేరుతుంది. ఒకే గుట్టల వరుసపై కురిసిన వాన రెండు దిక్కులకు చీలి, చాలా దూరం ప్రయాణించి, తుదకు ఒకే నదిలో కలుస్తుందన్నమాట.

వార్షిక వర్షపాతం స్థూలంగా 750 నుండి 850 మిల్లీమీటర్లు. దీనిలో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్లనే లభిస్తుంది. వాన కొద్ది రోజులలో, కొద్ది గంటలలో కురిసిపోవడం ఈ ప్రాంత స్వభావం. గట్టి రాయిపై పలుచని మట్టి పొర గల పరీవాహక ప్రాంతంలో ఇటువంటి వాన త్వరగా ప్రవాహంగా మారుతుంది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద దీనికి చారిత్రక నిదర్శనం. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీపై ఉస్మాన్‌సాగర్, ఈసీపై హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తయ్యాయి.

గ్రానైట్ పునాది

ఈ ప్రాంతపు తూర్పు, మధ్య భాగాలకు ఆధారం గ్రానైట్, నైస్ శిలలు. తూర్పు ధార్వార్ భూఖండానికి చెందిన ఈ శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోతులలో శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గ్రానైట్ ఏర్పడింది. దానిపై నున్న శిలాభారం కోట్ల సంవత్సరాల పాటు కోతకు గురై తొలగిపోగా, నేడు అది ఉపరితలాన దర్శనమిస్తున్నది. సికింద్రాబాదు సమీపంలోని మౌలాలి గుట్ట, నగరానికి పడమటనున్న గోల్కొండ కోట గుట్ట ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు.

గ్రానైట్‌లో ప్రధానంగా మూడు ఖనిజాలు ఉంటాయి. అవి పలుగు, ఫెల్‌స్పార్, నల్లఅభ్రకం. పొటాషియం ఫెల్‌స్పార్ అధికంగా ఉన్నచోట రాయి గులాబి ఛాయలో, తక్కువగా ఉన్నచోట బూడిద ఛాయలో కనిపిస్తుంది. గ్రానైట్‌ను చీల్చుకొని నల్లని డాలరైట్ డైకులు, తెల్లని పలుగు సిరలు, పెగ్మటైట్ సిరలు గోడల వలె సాగుతాయి. డైకు గట్టిగా, బీటలు లేకుండా ఉన్నచోట భూగర్భ జల ప్రవాహానికి అడ్డుకట్ట వలె పనిచేస్తుంది. అట్టి స్థలంలో ఎగువ వైపు బావులలో నీరు నిలుస్తుంది, దిగువ వైపు బావులు ఎండుతాయి. పక్కపక్కనే ఉన్న రెండు పొలాలలో ఒకరి బావి నిండి, మరొకరి బావి ఎండడానికి అనేక సందర్భాలలో కారణం ఇదే.

గ్రానైట్‌లో నీరు రాతి రేణువుల మధ్య నిలువదు. రాయి చల్లారినప్పుడు, పైభారం తొలగినప్పుడు ఏర్పడిన బీటలలోనే నిలుస్తుంది. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుండ్లు కూడా ఈ బీటల ఫలితమే. బీటల వెంట నీరు చొరబడి రాతి మూలలను కరగించగా, మధ్యభాగం గుండ్రని బండగా మిగిలింది.

రాయి నేలగా మారిన తీరు

శైథిల్యంలో ప్రతి ఖనిజానికి తనదైన గతి ఉంది. పలుగు దాదాపు మారకుండా ఇసుకగా మిగులుతుంది. ఫెల్‌స్పార్ నీటితో చర్య పొంది బంకమన్నుగా మారుతుంది. నల్లఅభ్రకంలోని ఇనుము ఆక్సైడుగా మారి మట్టికి ఎరుపు రంగునిస్తుంది. ఈ మూడు చర్యల సమాహారమే తెలంగాణ రైతులు చెల్క అని పిలిచే ఎర్రనేల. ఇసుక పాలు మరీ ఎక్కువైనది దుబ్బ నేల.

చెల్క నేలలోని బంకమన్నులో కయొలినైట్ ప్రధానం. దీనికి నీటిని, పోషకాలను పట్టి ఉంచే శక్తి స్వల్పం. వానకు పైపొర కరగి, ఎండకు పెచ్చుకట్టడం ఈ నేలల మరొక లక్షణం. పెచ్చుకట్టిన నేలపై తరువాతి వాన ఇంకక పారిపోతుంది. మొలకలు పైకి రాలేవు. నేల తేలికగా కనిపించినంత మాత్రాన నీరు సులువుగా ఇంకుతుందని భావించరాదు. అందుచేత పైరు వరుసల మధ్య సకాలంలో అంతరకృషి, వాలుకు అడ్డంగా సాళ్ళు, సేంద్రియ పదార్థం చేర్చడం చెల్క సేద్యానికి ప్రాణాధారాలు.

మెరక నుండి పల్లానికి

ఒకే గ్రానైట్ గ్రామంలో మెరక నుండి పల్లానికి నడిస్తే నేలలు ఒక క్రమంలో మారుతాయి. గుట్ట పాదంలో గరుసు, రాళ్ళు కలిసిన పలుచని నేల. దాని దిగువన వాలుపై చెల్క. వాలు తగ్గినచోట కొంత లోతైన ఎర్రనేల. వాగు, చెరువు సమీపంలోని పల్లంలో బూడిద రంగు లేదా నల్లని బరువు నేల. మెరకనుండి నీటితో జారిన సన్నని బంకరేణువులు, కరగిన సున్నం, మెగ్నీషియం పల్లంలో చేరడమే ఈ మార్పునకు హేతువు. మురుగు సరిగా పోని పల్లాలలో సోడియం కూడా పేరుకొని చౌడు ఏర్పడుతుంది.

గ్రానైట్ ప్రాంతంలో నల్లనేల కనిపించినంత మాత్రాన దాని అడుగున బసాల్ట్ ఉందని భావించరాదు. అదే విధంగా బసాల్ట్ ప్రాంతంలో ఎర్రనేల కనిపిస్తే అది గ్రానైట్ నేల కాదు. రంగు ఒక సూచన మాత్రమే. వాలులో ఆ పొలం ఉన్న స్థానం, అడుగు శిల అనే రెండు అంశాలను కలిపి చూచినప్పుడే నేల స్వభావం బోధపడుతుంది.

పటాన్‌చెరు వద్ద 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ క్షేత్రంలో ఎర్రనేల, నల్లనేల రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే వర్షపాతం కింద రెండు నేలల ప్రవర్తనను పోల్చిచూడటానికి ఆ క్షేత్రం అనువైనది. మీటరు లోతుగల చెల్క నేల పైరుకు అందించగల నీరు స్థూలంగా 100 మిల్లీమీటర్లు అనుకొంటే, అదే లోతుగల నల్లరేగడి దానికి దాదాపు రెట్టింపు అందించగలదు. వానల మధ్య విరామం మూడు వారాలకు పెరిగినప్పుడు చెల్కలోని పైరు వాడిపోవడానికి, రేగడిలోని పైరు నిలదొక్కుకోవడానికి ఈ తేడాయే మూలం.

చెరువులు

మన పూర్వికులకు ఈ భూస్వరూపం అనుభవపూర్వకంగా తెలుసు. రెండు గుట్టల మధ్య ఇరుకైన చోట, అడుగున గట్టి రాయి ఉన్న తావున కట్ట వేశారు. అలుగు అనేక చోట్ల సహజమైన రాతిబండపైనే నిలిచింది. 1562 ప్రాంతంలో కుతుబ్‌షాహీల కాలంలో నిర్మితమైన హుస్సేన్‌సాగర్, ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఈ సంప్రదాయంలోనివే. ఒక చెరువు అలుగు పారిన నీరు దిగువ చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా నిర్మించడం గ్రానైట్ వాలును సంపూర్ణంగా వినియోగించుకొన్న విధానం.

చెరువు రెండు నిధులను కూడబెడుతుంది. ఒకటి నీరు, రెండవది మెరక పొలాలు కోల్పోయిన సన్నని మట్టి. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమంలో పూడిక మట్టిని పొలాలకు తోలుకొనే అవకాశం కలిగింది. శాస్త్రీయంగా చూస్తే ఇది చెల్క నేల పోగొట్టుకొన్న బంకరేణువులను తిరిగి దానికి అప్పగించడమే. అయితే ప్రతి చెరువు మట్టి ఒకటి కాదు. తోలుటకు ముందు బంకమన్ను శాతం, ఉదజని సూచిక, లవణ పరిమాణం పరీక్షింపజేయాలి. నగర మురుగు చేరే చెరువుల మట్టి విషయంలో భారలోహాల పరీక్ష కూడా తప్పనిసరి. ఇసుక నేలకు ఉపకరించిన మట్టిని నల్లనేలకు తోలితే మురుగు సమస్య పెరుగుతుంది.

భూగర్భ గిడ్డంగి పరిమాణం

గ్రానైట్ ప్రాంతంలో భూగర్భ జలం ఎంత అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఇచ్చిన పరిశోధన మహేశ్వరం వాటర్‌షెడ్‌లో జరిగింది. హైదరాబాదుకు దక్షిణాన సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఈ చిన్న పరీవాహక ప్రాంతాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు దేశపు భూవిజ్ఞాన సంస్థ కలిసి అనేక సంవత్సరాలు అధ్యయనం చేశాయి. అక్కడ సేద్యానికి ఏడు వందలకు మించి బోరుబావులు పనిచేస్తున్నట్లు గుర్తించారు.

ఆ అధ్యయనాల ప్రకారం భూమి లోపలి పొరలు మూడు. పైన 10 నుండి 20 మీటర్ల మేర మెత్తబడిన శిథిల శిల. దాని కింద బీటలు పడిన శిల. దాని అడుగున బీటలు దాదాపు లేని గట్టి రాయి. నీటినిచ్చే బీటలు లోతు పెరిగేకొద్దీ తగ్గుతాయి. సుమారు 40 మీటర్లు దాటిన పిమ్మట అవి అరుదు. ఒకనాడు మోటబావులకు నీరందించిన పైపొర నేడు చాలా వరకు ఎండిపోగా, బోరుబావులు బీటల పొరపై ఆధారపడుతున్నాయి.

ఇక్కడ ఒక లెక్క అవసరం. మహేశ్వరంలో నీటిమట్టం మారే పొర నుండి లభించే నీరు ఆ పొర పరిమాణంలో సుమారు నూటికి 1.4 పాళ్ళు మాత్రమే. అనగా ఒక హెక్టారు కింద నీటిమట్టం ఒక మీటరు పడిపోతే మనకు లభించేది 140 ఘనపు మీటర్లు. 750 మిల్లీమీటర్ల వర్షంలో పదవ వంతు భూమిలోకి ఇంకుతుందని అనుకొంటే 75 మిల్లీమీటర్లు. హెక్టారుకు 750 ఘనపు మీటర్లు. ఈ కొద్దిపాటి నీటికే బావులలో మట్టం 5 మీటర్లకు పైగా లేస్తుంది. మంచి వానాకాలం తరువాత బావి నిండుగా కనిపించడానికి, ఫిబ్రవరి నాటికే అడుగంటడానికి కారణం గిడ్డంగి ఇంత చిన్నది కావడమే. మట్టం లేచిన ఎత్తును చూసి నీటి పరిమాణాన్ని అంచనా వేయడం రైతును తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు వరి సంగతి చూద్దాం. యాసంగి వరికి 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టి, అందులో సగం తిరిగి భూమిలోకి ఇంకిందని అనుకొన్నా, నికరంగా ఖర్చయ్యేది 600 మిల్లీమీటర్లు. హెక్టారుకు 6000 ఘనపు మీటర్లు. ఏడాది ఇంకుడు హెక్టారుకు 750 ఘనపు మీటర్లే గనుక, ఒక హెక్టారు వరి ఎనిమిది హెక్టారుల భూమి సంపాదించిన నీటిని ఖర్చుచేస్తుంది. మిగిలిన ఏడు హెక్టారుల రైతులు కూడా బోరు వేసుకొన్నప్పుడు లెక్క కుదరదు. ఇది ఎవరి దురాశ వల్లనో జరిగినది కాదు. గిడ్డంగి పరిమాణం తెలియకుండా పంచుకోవడం వల్ల జరిగినది.

బోరు ఎండిన రైతు సాధారణంగా మరింత లోతుకు తవ్విస్తాడు. ఈ లోతుల్లో అరుదుగా ఒక పెద్ద బీట తగిలి నీరు ఉబికివచ్చే మాట వాస్తవమే. ఆ ఒక్క విజయం గ్రామంలో పది విఫల ప్రయత్నాలకు ప్రేరణ అవుతుంది. కాని ఆ బీటకు నీరందించేది కూడా పైపొరే. లోతు పెంచినంత మాత్రాన కొత్త నీరు పుట్టదు, పొరుగువాని నీరు త్వరగా చేరుతుంది. పైగా గ్రానైట్‌లోని నల్లఅభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాలతో దీర్ఘకాలం సంపర్కంలో ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరిగే ప్రమాదం ఉంది. పొరుగున ఉన్న నల్లగొండ జిల్లా అనుభవం దీనికి సాక్ష్యం. బోరు తవ్వకాన్ని నియంత్రించడానికి 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. అయితే చట్టం చెప్పిన దూరాన్ని రైతు పాటించాలంటే, దాని వెనుకనున్న కారణం అతనికి అర్థం కావాలి. ఆ బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తలది.

పడమటి బసాల్ట్, లాటరైట్

శంకర్‌పల్లి, చేవెళ్ల దాటి వికారాబాదు వైపు సాగితే దక్కను ట్రాప్ తూర్పు అంచు ఎదురవుతుంది. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావా పొరలు పొరలుగా పారి చల్లారడం వల్ల ఈ బసాల్ట్ ఏర్పడింది. రెండు ప్రవాహాల మధ్య విరామంలో సరస్సులు ఏర్పడి, వాటిలో బురద, జీవావశేషాలు నిక్షిప్తమయ్యాయి. వికారాబాదు సమీపంలోని నస్కల్ వద్ద ఇటువంటి పొరలలోనే ప్రాచీన క్షీరదాల శిలాజాలు లభించి, ప్రపంచ శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించాయి.

బసాల్ట్‌లో పలుగు లేదు. సున్నం, మెగ్నీషియం, ఇనుము గల ఖనిజాలే అధికం. అందుచేత దాని శైథిల్యంలో ఇసుక మిగలదు. ఉబ్బే, కుదించుకొనే స్వభావం గల స్మెక్టైట్ బంకమన్ను ఏర్పడుతుంది. నల్లరేగడి వేసవిలో నెరలు విచ్చడానికి, వానకు ఉబ్బి మూసుకొనడానికి కారణం ఇదే. నెరలు తెరచి ఉన్నప్పుడు తొలకరి నీరు వేగంగా లోనికి పోతుంది. అవి మూసుకొన్న పిమ్మట ఇంకుడు మందగిస్తుంది, పొలంలో అడుగు పెట్టడం కష్టమవుతుంది. లోతైన రేగడిని వానాకాలంలో బీడు ఉంచి యాసంగిలో శనగ, జొన్న, కుసుమ వేసే ఆచారం ఇందువల్లనే వచ్చింది. ఇక్రిశాట్ రూపొందించిన ఒకటిన్నర మీటరు వెడల్పు ఎత్తుమడులు, కాలువల పద్ధతి ఈ మురుగు సమస్యకు పరిష్కారంగానే ఉద్భవించింది.

అనంతగిరి గుట్టల పైభాగంలో మాత్రం ఎర్రని లాటరైట్ కనిపిస్తుంది. ఉష్ణ, ఆర్ద్ర పరిస్థితులలో బసాల్ట్ నుండి సున్నం, మెగ్నీషియం, సిలికా కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగలడం వల్ల ఇది ఏర్పడింది. రంధ్రాలతో కూడిన లాటరైట్ వాననీటిని పీల్చుకొని అడుగునున్న బసాల్ట్ అంచు వద్ద ఊటలుగా విడుస్తుంది. లాటరైట్ నేలలు ఆమ్లతత్వం కలవి. భాస్వరాన్ని బంధించివేసే స్వభావం కలవి. కనుక ఇక్కడ భాస్వరం ఎరువును వెదజల్లడం కంటె విత్తన వరుస సమీపంలో వేయడం మేలు.

తాండూరు సున్నపురాయి

తాండూరు పరిసరాలలో భీమా శిలా సముదాయానికి చెందిన సున్నపురాయి, షేల్ పొరలు ఉన్నాయి. ఇవి గ్రానైట్ తరువాత, బసాల్ట్‌కు ఎంతో పూర్వం సముద్రపు అడుగున నిక్షేపమైన అవక్షేప శిలలు. పలకలుగా చీలే గుణం వల్ల తాండూరు బండలు ఇళ్ళ గచ్చులకు దూరప్రాంతాలకు చేరుతున్నాయి. సిమెంటు పరిశ్రమలకు కూడా ఈ రాయే ఆధారం.

ఇక్కడి లోతైన, సున్నంతో కూడిన నల్లనేలలు కందికి ప్రసిద్ధి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. కంది వేరు లోతుకు సాగి, వానలు వెనుదీసిన తరువాత అడుగు తేమను అందుకొంటుంది. ఈ నేల, ఆ పైరు ఒకదానికొకటి అమరినవి. అదే కందిని పలుచని చెల్కలో వేసినప్పుడు పూత దశలో కనీసం ఒక రక్షక తడి గురించి ఆలోచించాలి. సున్నపు నేలలలో జింకు, ఇనుము లోపాలు తరచు కనిపిస్తాయి గనుక ఆకుల లక్షణాలను గమనించి, నేల పరీక్షతో నిర్ధారించుకోవాలి.

క్షేత్ర పరిశీలనకు సూచనలు

విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు కొత్త గ్రామానికి వెళ్ళినప్పుడు ఈ క్రింది క్రమాన్ని పాటించడం ఉపయోగకరం.

1. గ్రామంలో అన్నింటికంటె ఎత్తైన చోటి నుండి చెరువు వరకు ఒక్కసారి నడవాలి. రాయి, గరుసు, మట్టి ఎక్కడెక్కడ మారుతున్నవో గ్రామ పటంపై గుర్తించాలి.

2. పాడుబడిన మోటబావి గోడను పరిశీలించాలి. మట్టి, శిథిల శిల, బీటల రాయి ఎంతెంత మందమో అది తెరచిన పుస్తకం వలె చూపుతుంది.

3. మెరక, వాలు, పల్లం మూడు చోట్ల గుంట తీసి నేల లోతు, బంకమన్ను, సున్నపు గడ్డల ఉనికి నమోదు చేయాలి. మట్టి నమూనాలను కూడా ఈ మూడు స్థానాల నుండి వేరువేరుగా తీయాలి. కలిపితే వచ్చే సగటు ఏ పొలానికీ చెందదు.

4. బోరుబావుల లోతు, నీరు పడిన లోతు, ఎండిన సంవత్సరం రైతులనుండి సేకరించాలి. విఫలమైన బోర్ల వివరాలు సఫలమైన వాటికంటె ఎక్కువ బోధిస్తాయి.

5. డైకులు, పలుగు సిరలు సాగే దిశను గుర్తించాలి. ఇంకుడు చెరువు, చెక్‌డ్యామ్ స్థలాల ఎంపికలో ఇది కీలకం.

6. ఈ వివరాలతో గ్రామసభలో నీటి లెక్క వేసి చూపాలి. ఇంకిన నీరు ఎంత, ఎన్ని హెక్టారుల ఏ పైరుకు సరిపోతుంది అన్నది రైతులే తేల్చుకోగలరు.

ముగింపు

సికింద్రాబాదు పరిసర జిల్లాలలో గ్రానైట్, బసాల్ట్, సున్నపురాయి మూడు వేరువేరు సేద్య విధానాలను కోరుతున్నాయి. గ్రానైట్ ప్రాంతంలో నీటిని పొదుపుగా పంచుకోవడం, బసాల్ట్ ప్రాంతంలో వానాకాలపు మురుగును తీయడం, సున్నపు నేలలలో సూక్ష్మపోషకాలను సరిదిద్దడం మొదటి కర్తవ్యాలు. వీటిలో గ్రానైట్ ప్రాంతపు సమస్య అత్యవసరమైనది. అక్కడ పొరపాటు సలహా ఒక పంటతో ముగియదు, ఎండిన బోరు రూపంలో, తీరని అప్పు రూపంలో ఏళ్ళ తరబడి కుటుంబాన్ని వెన్నాడుతుంది. బోరు యంత్రం పొలానికి రాకముందే, ఆ పొలం కింద గిడ్డంగి ఎంతటిదో, దానిలో ఎందరికి భాగం ఉన్నదో రైతుకు తెలియజేయగలిగితే విస్తరణ శాస్త్రం తన ధర్మాన్ని నెరవేర్చినట్లే.